వేప చెట్టు కొసలన్నీ మాడిపోతున్నాయి, కొట్టేయమంటున్నారు. ఏం చెయ్యాలి?

వరంగల్‌వాసి · అక్టోబర్ 14, రాత్రి 9:20

అందరికీ నమస్కారం. మాది హనుమకొండ. గేటు పక్కన పాతికేళ్ల వేప చెట్టు ఉంది, మా నాన్న నాటింది. దసరా నుంచి చూస్తున్నాను, కొమ్మల కొసలు టీపొడి రంగుకు తిరిగి ఎండిపోతున్నాయి. కింది ఆకులు బాగానే ఉన్నాయి. దూరం నుంచి చూస్తే ఎవరో పైనుంచి మంట పెట్టినట్టుంది. మా వీధిలో ఇంకో రెండు వేపలదీ ఇదే పరిస్థితి.

ఇంకో సంగతి. పోయినేడు కరెంటు తీగలకు తగులుతోందని ఒక పెద్ద కొమ్మను మానుకు ఆనించి నున్నగా కోసేశారు. ఆ కోత దగ్గర ఇప్పుడు చెయ్యి దూరేంత తొర్ర. మొన్న వేసవిలో సీసీ రోడ్డు వేసినప్పుడు మొదలు చుట్టూ కూడా కాంక్రీటు పోసేశారు, అంగుళం ఖాళీ లేదు.

కొట్టేయమని పక్కింటాయన రోజూ పోరు. ఆకులు ఆయన కారు మీద రాలుతున్నాయట, పైగా తొర్ర పడ్డ చెట్టు గాలికి ఆగదట. ఒకాయన తొర్రలో సిమెంటు నింపమన్నాడు. ఇంకొకాయన కోత మీద డాంబరు పూయమన్నాడు. మా అత్తగారేమో మొదట్లో మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) నీళ్లు పోయమంటున్నారు. నాకు చెట్ల గురించి తెలిసింది సున్నా. కాస్త చెప్పండి.

మార్కెట్‌రోడ్ మామ · 9:41

తమ్ముడూ, కొసల నుంచి ఎండిందంటే వేరు చచ్చినట్టే. ఇంటి మీద పడకముందే కొట్టించు. వేప కలపకు చెద పట్టదు, దర్వాజాకు పనికొస్తుంది.

బోటనీ టీచర్ · 10:15

గొడ్డలి కాసేపు పక్కన పెట్టండి. నేను ముప్పై ఏళ్లు కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. మీరు చెప్పిన లక్షణాలను బట్టి ఇది వేప కొసలు ఎండే తెగులు. ఫోమాప్సిస్ అజాడిరాక్టే అనే బూజు వల్ల వస్తుంది. టీ దోమ అనే పురుగు లేత చిగుళ్లను గుచ్చి రసం పీల్చితే ఆ దెబ్బ కూడా దీనికి తోడవుతుంది. వానాకాలం తేమలో మొదలై, మన కంటికి కొట్టొచ్చినట్టు కనిపించేది ఆ తర్వాతి నెలల్లో. 2021లో తెలంగాణ జిల్లాల్లో వేపలన్నీ ఒక్కసారిగా మాడిపోతే జనం కంగారుపడ్డారు గుర్తుందా? అదే ఇది. అప్పుడు మాడిన చెట్లలో చాలా వరకు మళ్లీ చిగురించాయి. ఆలోపు కొట్టించుకున్నవాళ్లవి మాత్రం చిగురించలేదు.

కొసలు ఎండితే వేరు చచ్చినట్టని లెక్క కాదు. ఎండిన కొస నుంచి కిందికి వస్తూ, అక్కడక్కడ గోటితో బెరడు గీకి చూడండి. కింద పచ్చగా, తడిగా ఉంటే ఆ భాగం బతికే ఉంది. గోధుమ రంగులో పొడిగా ఉంటే అక్కడిదాకా పోయింది. చెట్టు మొత్తం చచ్చిందో లేదో తేల్చడానికి ఇంతకన్నా పెద్ద పరికరం అక్కర్లేదు.

మందు సంగతి. కార్బెండజిమ్ లాంటి బూజు మందులు కొట్టమని శాస్త్రవేత్తలు సూచించిన మాట నిజమే. చిన్న మొక్కలకు సరే. నలభై అడుగుల చెట్టుకు నడివీధిలో, పక్కన నీళ్ల ట్యాంకులు మూతల్లేకుండా ఉంటే మాత్రం నేను కొట్టించను. నాకు దిగులు ఆ తెగులు గురించి కాదు, మీ కాంక్రీటు గురించి.

కడియం కుర్రాడు · అక్టోబర్ 15, ఉదయం 6:50

మేడం చెప్పింది కరెక్టు. మాది నర్సరీల ఊరు. మైలుతుత్తం ఉత్తదే మొదట్లో పోయకండి అన్నా, సన్న వేర్లు మాడిపోతాయి. మేం వాడేది బోర్డో మిశ్రమం. కిలో మైలుతుత్తం, కిలో సున్నం, వంద లీటర్ల నీళ్లు. అదే పది లీటర్ల నీళ్లలో కలిపితే పేస్టు. బత్తాయికి బంక కారే తెగులు వస్తే బెరడు గీకి ఆ పేస్టు రాస్తారు. మీ అత్తగారు అలాంటిదేదో చూసి ఉంటారు. సున్నం లేకుండా పోస్తే మందు కాదు, విషం.

మార్కెట్‌రోడ్ మామ · 7:30

మరి కోతకు డాంబరు? మా ఊళ్లో తాతల కాలం నుంచీ పూస్తున్నారు. దెబ్బ తగిలితే మనం కట్టు కట్టుకోమా?

బోటనీ టీచర్ · 8:05

అక్కడే అందరూ పొరబడేది. మనకు దెబ్బ తగిలితే చచ్చిన కణాల చోట కొత్తవి వచ్చి గాయం మానుతుంది. చెట్టుకు గాయం మానదు. ఆ చోటిని మూసేసి, దాని మీదుగా కొత్త చెక్క పెంచుకుంటుంది, అంతే. లోపలి గాయం చెట్టు ఉన్నన్నాళ్లూ అలాగే ఉంటుంది. అమెరికా అటవీ శాఖలో పనిచేసిన అలెక్స్ షిగో అనే ఆయన వేల మానులను నిలువునా కోయించి చూసి ఈ సంగతి తేల్చాడు. కుళ్లు పైకి, కిందికి, లోపలికి, పక్కలకు పాకకుండా చెట్టు నాలుగు వైపులా అడ్డుగోడలు కట్టుకుంటుందని 1977లో రాశాడు. అన్నిటికన్నా గట్టి గోడ, గాయమయ్యాక కొత్తగా పెరిగే చెక్కకూ పాత చెక్కకూ మధ్యన వచ్చేది. అందుకే పాతది కుళ్లి తొర్రయినా చుట్టూ కొత్త చెక్క శుభ్రంగా ఉంటుంది.

డాంబరు పూస్తే తడి లోపలే ఉండిపోతుంది, బూజుకు అంతకన్నా సుఖం ఏముంది? పైగా అంచుల్లో మూసుకుంటూ వచ్చే లేత పొర దెబ్బతింటుంది.

మీ చెట్టుకు అసలు దెబ్బ మానుకు ఆనించి నున్నగా కోయడం. కొమ్మ మానును కలిసే చోట ఉబ్బెత్తుగా ఒక మెడ ఉంటుంది, ముడతలు పడి. ఆ అడ్డుగోడకు కావలసిన సరంజామా అంతా దాంట్లోనే. ఆ మెడను వదిలి, దాని బయటి అంచున కోయాలి. మరీ దూరంగా కోసి మొండి ముక్క వదిలినా తప్పే. చూడ్డానికి నున్నగా ఉన్న కోత మనకు ముచ్చట, చెట్టుకు ముప్పు.

డల్లాస్ బాబు · 8:40 (మాకు రాత్రి)

మేడం గారూ, మీరు చెప్పింది ఒప్పుకుంటూనే ఒక మెలిక. మా టెక్సాస్‌లో ఓక్ చెట్లకు మాత్రం కోత కోయగానే పెయింట్ వేయమంటారు. ఓక్ విల్ట్ అనే తెగులు ఉంది. తాజా కోత వాసనకు చిన్న పురుగులు వచ్చి ఆ బూజును అంటిస్తాయి. అందుకే ఫిబ్రవరి నుంచి జూన్ దాకా అసలు ఓక్ కొమ్మలు కోయవద్దంటారు. కొత్తగా ఇల్లు కొన్నప్పుడు తెలియక ఏప్రిల్‌లో కోయించి పక్కవాళ్లతో చీవాట్లు తిన్నాను.

బోటనీ టీచర్ · 9:10

మంచి మాట చెప్పారు బాబూ. అది గాయం మానడానికి కాదు, పురుగును రానివ్వకుండా ఉండటానికి. బత్తాయికి బోర్డో పేస్టు కూడా అంతే, ఫలానా తెగులుకు ఫలానా మందు. "ఏ కోతకైనా ఏదో ఒకటి పూయాలి" అనేదే తప్పు.

పాలమూరు పిల్ల · 11:25

తొర్ర గురించి నేను చెప్తా. మాది మహబూబ్‌నగర్. మా పిల్లలమర్రి మూడెకరాల మర్రి, ఏడు వందల ఏళ్లదంటారు. 2017 చివర్లో పెద్ద కొమ్మ విరిగిపడింది, జనాన్ని లోపలికి రానివ్వడం ఆపేశారు. చూస్తే చెదలు. 2018లో ఆసుపత్రిలో పెట్టినట్టు సెలైన్ సీసాలు కొమ్మలకు వేలాడదీసి చెదల మందు చుక్క చుక్కగా ఎక్కించారు. ఆ ఫొటోలు దేశమంతా తిరిగాయి. నేనూ వెళ్లి చూసొచ్చా, మా నానమ్మను ఐసీయూలో చూసినట్టే అనిపించింది. బరువు కొమ్మల కింద స్తంభాలు కట్టారు, ఊడలు నేలకు దిగేదాకా పైపుల్లో మట్టి నింపి దారి చూపించారు. నాకు తెలిసి చెట్టును నిలబెట్టింది సీసాల కన్నా ఆ స్తంభాలూ ఊడలే.

కలకత్తా బొటానికల్ గార్డెన్ మర్రికైతే అసలు మానే లేదు. బూజు పట్టిందని 1925లో తీసేశారు. ఊడల మీదే బతుకుతోంది, అడవిలా ఉంటుంది.

మార్కెట్‌రోడ్ మామ · 11:50

మర్రి సంగతి వేరమ్మా, ఊడలుంటాయి. వేపకు ఊడలెక్కడివి?

బోటనీ టీచర్ · మధ్యాహ్నం 12:30

సరైన ప్రశ్న. అయితే గోల్కొండ నయా కిలాలో ఏనుగు చెట్టు చూశారా? ఆఫ్రికా నుంచి వచ్చిన బావోబాబ్. వందల ఏళ్లది, ఊడల్లేవు, మాను లోపల మనుషులు కూర్చునేంత గుల్ల. ఇంకా ఆకులేస్తోంది.

మాను నడిమధ్య ఉండే చేవ అసలు చచ్చిన చెక్కే. చెట్టుకు అది దన్ను, ప్రాణం కాదు. నీళ్లు పైకెక్కేది చేవ చుట్టూ ఉన్న లేత చెక్కలోంచి. ఆకులు వండిన చక్కెర కిందికి దిగేది బెరడు లోపలి పొరలోంచి. ఈ రెంటి మధ్య సన్న పొర, కేంబియం, అదే కొత్త చెక్కను పుట్టిస్తుంది. కాబట్టి చెట్టు ప్రాణం చర్మం కింద ఉంటుంది, కడుపులో కాదు. మాను గుల్లయినా బతుకుతుంది. బెరడును చుట్టూ జానెడు వెడల్పున ఒలిచేస్తే చేవ ఎంత గట్టిగా ఉన్నా చస్తుంది. ఇంగువ పెడితే చెట్టు చస్తుందంటారు కదా, నన్నడిగితే చంపేది ఇంగువ కాదు, అది పెట్టడానికి చుట్టూ తొలిచిన గాటు.

అయితే తొర్ర ప్రమాదమే కాదని నేననను. గొట్టం గట్టిదే, గోడ మందంగా ఉన్నంతవరకు. మిగిలిన గోడ మాను వ్యాసార్థంలో మూడో వంతు కన్నా పలచబడితే అనుమానించాలని ఒక మోటు లెక్క ఉంది. కొయ్య సుత్తితో చుట్టూ తట్టి చూడండి, డప్పులా మోగితే తెలిసినవాళ్లను పిలవండి. సిమెంటు మాత్రం వద్దే వద్దు. చెట్టు ఊగుతుంది, సిమెంటు ఊగదు. రెండూ రాసుకుని లోపల కొత్త గాయం.

విశాఖ తీరం · సాయంత్రం 4:15

2014 అక్టోబర్ 12, హుద్‌హుద్ తుపాను రోజు. మా వీధిలో పెకిలించుకుని పడిన వాటిలో తొర్ర చెట్లకన్నా నిండుగా, పచ్చగా ఉన్నవే ఎక్కువ. పడ్డ చెట్ల వేర్లు చూశాను, ఫుట్‌పాత్ వైపు కత్తితో కోసినట్టు ఉన్నాయి. డ్రైనేజీ తవ్వినప్పుడు తెగినవి. దన్ను లేని చెట్టుకు నిండు ఆకు తెరచాప అవుతుంది.

తర్వాత ఊరు పచ్చబడాలని ఎక్కడ చూసినా ఏడాకుల పాల నాటారు. త్వరగా పెరుగుతుంది, పశువులు ముట్టవు. ఇప్పుడు చలికాలం వస్తే పూల ఘాటుకు సగం కాలనీ తుమ్ములు, తలనొప్పి. చెట్టు చెడ్డది కాదు, ఒకే చెట్టును ఊరంతా నాటడం చెడ్డది.

కడియం కుర్రాడు · 4:40

కోనోకార్పస్ కూడా అంతేగా. అది ఆక్సిజన్ పీల్చి కార్బన్ డయాక్సైడ్ వదులుతుందట, వాట్సాప్‌లో తెగ తిరుగుతోంది.

బోటనీ టీచర్ · 5:20

ఆకు పచ్చగా ఉంటే పగలు ఆక్సిజన్ ఇవ్వాల్సిందే, కోనోకార్పస్ అయినా తులసి అయినా. దాని మీద వేరే ఫిర్యాదులున్నాయి, అవి వినదగ్గవే. పుప్పొడి ఎలర్జీలు, పైపుల్లోకి దూరే వేర్లు, మన పిట్టలకూ పురుగులకూ పెద్దగా తిండి దొరకకపోవడం. గుజరాత్ 2023లో నాటడం నిషేధించింది, తెలంగాణలోనూ హరితహారం నర్సరీల్లో పెంచొద్దన్నారు. నిజమైన కారణాలుండగా అబద్ధపు కారణం ఎందుకు?

అలాగే రావి చెట్టు రాత్రి ఆక్సిజన్ ఇస్తుందనే మాట. ఆక్సిజన్ వచ్చేది నీటిని విడగొట్టడం వల్ల, దానికి వెలుతురు కావాలి. రాత్రిపూట రావి కూడా మనలాగే ఊపిరి పీలుస్తుంది. కలబంద లాంటివి రాత్రి కార్బన్ డయాక్సైడ్ తీసుకుని దాచుకుంటాయి, ఆక్సిజన్ వదిలేది మళ్లీ పగలే. ఇక చింత చెట్టు కింద పడుకుంటే ఊపిరాడక చస్తారన్నదీ వదిలేయండి. ఒక మనిషి రోజుకు దాదాపు కిలో కార్బన్ డయాక్సైడ్ వదులుతాడు. తలుపులేసిన ఏసీ గదిలో నలుగురు పడుకుంటే భయం లేదు గానీ ఆరుబయట చెట్టంటే భయమా?

డల్లాస్ బాబు · 6:00

2019లో అమెజాన్ తగలబడినప్పుడు "భూమి ఊపిరితిత్తులు, 20 శాతం ఆక్సిజన్" అని నేనూ స్టేటస్ పెట్టాను :(

బోటనీ టీచర్ · 6:20

అందరూ పెట్టారు. ముదిరిన అడవి తయారుచేసిన ఆక్సిజన్ దాదాపు అంతా దాని ఊపిరికీ, రాలిన ఆకు కుళ్లడానికే ఖర్చయిపోతుంది. గాలిలోని 21 శాతం కోట్ల ఏళ్లుగా పోగుపడింది, అడవి కాలితే రేపటికి అయిపోదు. అయినా అడవి కాలకూడదు. వానల కోసం, చెక్కలో దాగిన కర్బనం కోసం, దాంట్లో బతికే ప్రాణుల కోసం.

మాజీ బీట్ ఆఫీసర్ · రాత్రి 8:30

అడవి మాట వచ్చింది కాబట్టి నేనూ రెండు ముక్కలు. నల్లమలలో ఇరవై ఎనిమిదేళ్లు తిరిగాను.

మార్చిలో శ్రీశైలం వెళ్లేవాళ్లు ఘాట్ రోడ్డు మీద నన్నాపి "సార్, అడవంతా చచ్చిపోయింది, నీళ్లు పోయించరా" అనేవాళ్లు. టేకు, తునికి, నల్లమద్ది ఎండలకు ఆకు రాల్చి నీళ్లు పొదుపు చేసుకుంటాయి. అది చావు కాదు, ఉపవాసం. కొన్నయితే వాన పడకముందే చిగురేస్తాయి.

రెండోది, వెదురు రాసుకుని నిప్పు పుడుతుందని. నా సర్వీసులో చూసిన ప్రతి మంట వెనకా మనిషే ఉన్నాడు. ఆర్పని బీడీ, వంట చేసుకుని వదిలిన పొయ్యి, పశువులకు కొత్త గడ్డి రావాలని పెట్టిన అగ్గి, ఇప్పపూలు కంటపడాలని చెట్టు కింద ఆకు తగలబెట్టడం, బీడీ ఆకు లేతగా రావాలని పెట్టే నిప్పు. మేమూ పెట్టేవాళ్లం, ఎండలు ముదరకముందే ఫైర్ లైన్లు (మంట దాటకుండా ఖాళీ పట్టీలు) గీసి, గడ్డి కోసి, మనుషులు నిలబడి కాల్చేవాళ్లం. ఆ అగ్గి వేరు, ఏప్రిల్ మధ్యాహ్నం గాలిలో లేచే అగ్గి వేరు. పెద్ద మానులు ఓర్చుకుంటాయి. పిల్ల మొక్కల పైభాగం కాలిపోయినా వేరు నుంచి మళ్లీ లేస్తాయి. ఏటేటా కాలితే మాత్రం ఆ పిల్లలు ఎప్పటికీ చెట్లు కావు. పైన ముసలి మానులు, కింద గడ్డి, మధ్యలో ఎవరూ లేరు. అలాంటి అడవి పచ్చగానే కనిపిస్తుంది, లోపల వారసుల్లేని ఇల్లు.

మూడోది, "శుభ్రం". ఒకసారి ఒక సేవా బృందం ఉత్సాహంగా వచ్చి పడిపోయిన దుంగలు, ఎండు మానులు ఏరి, పొదలు నరికి, పార్కులా చేస్తామన్నారు. వద్దంటే నొచ్చుకున్నారు. ఎండు మానులో వడ్రంగిపిట్ట తొలిచిన తొర్రలోకి ఆ తర్వాత చిలుక, గుడ్లగూబ చేరతాయి. దుంగ కింద తేలు, జెర్రి, పుట్టగొడుగు. పొద చాటున లేడి తినకుండా మిగిలిన టేకు పిల్ల. లాంటానా అనే కలుపు పొద పీకుతామంటే మాత్రం చేతులెత్తి దండం పెట్టేవాణ్ని. దానికెవరూ రారు, ముళ్లు.

పాలమూరు పిల్ల · 8:55

బాబాయ్ గారూ, ఖాళీ జాగా కనిపిస్తే చెట్లు నాటడం కూడా తప్పేనా మరి?

మాజీ బీట్ ఆఫీసర్ · 9:15

జాగాను బట్టి తల్లీ. కర్నూలు వైపు రోళ్లపాడు ఉంది కదా, 1988లో బట్టమేకపిట్ట కోసం అభయారణ్యం చేశారు. ఆ పిట్టకూ కృష్ణజింకకూ కావలసింది గడ్డి మైదానం, దూరం కనిపించాలి. అక్కడ చెట్లు నాటి పచ్చబరిస్తే వాటి ఇల్లు కూల్చినట్టు. మన రికార్డుల్లో గడ్డి నేలను "బంజరు" అని రాయడంతోనే తప్పు మొదలైంది.

మార్కెట్‌రోడ్ మామ · 9:30

జామాయిల్ వేర్లు బోర్లోకి దిగి నీళ్లు తాగుతాయన్నదైనా నిజమా, అదీ కొట్టిపారేస్తారా? మా బావమరిదిది ఖమ్మం, ఐదెకరాలు వేశాడు.

బోటనీ టీచర్ · 9:50

సగం నిజం. ఐదు వందల అడుగుల బోరుకు ఏ వేరూ దిగదు. కర్ణాటకలో కొలిచినప్పుడు లోతు నేలల్లో జామాయిల్ 8 మీటర్ల దాకా తేమ లాగినట్టు తేలింది. కాబట్టి బోరులోకి దిగి తాగదు, బోరుకు చేరాల్సిన వాన నీటిని దారిలోనే తాగేస్తుంది. కర్ణాటక 2017లో కొత్తగా వేయడం ఆపించింది. మీ బావమరిది బోరు పక్కన వేశాడా, వాన తక్కువ నేలా అన్నది చూడాలి.

వేర్ల మాటకొస్తే, చెట్టు ఎంత పైకో వేరు అంత కిందికి అనుకుంటారు. జమ్మి లాంటి కొన్ని ఎడారి చెట్లు నిజంగానే పాతాళానికి దింపుతాయి. మామూలుగా వేర్లలో ఎక్కువ భాగం పైన రెండు మూడు అడుగుల మట్టిలోనే ఉంటుంది, కొమ్మల నీడ దాటి దూరం పాకుతుంది. ఎందుకంటే వేరుకూ గాలి కావాలి. వరంగల్‌వాసి గారి చెట్టుకు ఆ గాలిని, నీటిని ఒకేసారి మూసేశారు. ఢిల్లీలో చెట్ల చుట్టూ మీటరు మేర కాంక్రీటు తీసేయమని 2013లో గ్రీన్ ట్రిబ్యునల్ ఆదేశించింది. మీరూ అదే చెప్పి అడగండి.

వరంగల్‌వాసి · అక్టోబర్ 26, సాయంత్రం 6:10

ఆలస్యానికి క్షమించండి. గోటితో గీకాను, కొస నుంచి రెండు మూరల కింద పచ్చదనం తగిలింది. సుత్తితో తట్టాను, కోత ఉన్న వైపు తప్ప అంతా గట్టిగానే పలికింది. కాంక్రీటు తీయమని అర్జీ ఇచ్చాను. రెండుసార్లు తిరిగాక "మీరే తీసుకోండి, మేం చూడనట్టు ఉంటాం" అన్నారు. ఆదివారం నేనూ మా తమ్ముడూ గడ్డపారతో మూడడుగుల చుట్టు పగలగొట్టాం. కింద మట్టి బూడిదలా ఉంది, వాన చుక్క దిగినట్టు లేదు. ఎండాకు పరిచి నీళ్లు పోస్తున్నాం.

కడియం కుర్రాడు · 6:35

ఆకు మొదలుకు ఆనించి కుప్ప పోయకండి అన్నా, బెరడు కుళ్లుతుంది. జానెడు వదిలి పరవండి. నీళ్లు కూడా మొదట్లో కాదు, నీడ అంచున.

వరంగల్‌వాసి · ఏప్రిల్ 6, ఉదయం 7:45

మళ్లీ నేనే. ఫిబ్రవరి చివర్లో చిగురు మొదలైంది, ఇప్పుడు చెట్టంతా పూత. పడమటి వైపు ఒక్క కొమ్మ మాత్రం రాలేదు, గీకితే మొదలంటా గోధుమ రంగే. మేడం, ఫొటో పెడుతున్నాను, ఎక్కడ కోయాలో గీత గీసి ఇస్తారా?

బోటనీ టీచర్ · 8:20

గీశాను చూడండి, ఎర్ర గీత. ఉబ్బు వదిలి, కొంచెం ఏటవాలుగా. ముందు ఒక మూర అవతల కింద సగం కోసి, తర్వాత పైనుంచి కోస్తే బరువుకు బెరడు చీలదు. ఆఖరి కోత గీత మీద. డాంబరు గుర్తుందిగా?

వరంగల్‌వాసి · 8:50

గుర్తుంది మేడం, డబ్బా ఎవరికో ఇచ్చేశాను. కోత మాత్రం ఇప్పుడే కాదు. ఎక్కి చూస్తే ఆ ఎండు కొమ్మ పంగలో కాకి గూడు, పిల్లలున్నాయి. అవి ఎగిరిపోయాక చేయిస్తాను.

మార్కెట్‌రోడ్ మామ · 9:05

మరి పక్కింటాయన ఊరుకున్నాడా?

వరంగల్‌వాసి · 9:20

ఎండలు ముదిరాయి కదా మామా, కారు తెచ్చి ఈ చెట్టు కిందే పెడుతున్నాడు. ఎండు కొమ్మ కింద వద్దని రోజూ నేనే చెప్పి పక్కకు జరిపిస్తున్నాను.